స్టేషన్ ఎత్తివేశారంటే, ఏం ఎత్తివేసినట్లు?

గుంటూరు నుంచి నరసరావుపేట వైపు పోయే పాత లైను పక్కన ఒక ఊరి స్టేషన్ ఉంది. ఉంది అనడం కొంచెం ఎక్కువ మాటే. పెంకులు సగం జారిపోయిన రాతి గది, సర్కారు తుమ్మ కమ్మేసిన ప్లాట్‌ఫారం, దాని చివర ఒక కానుగ చెట్టు. ఊరి పేరు రాసిన పసుపు బోర్డు లేదు కానీ, దాన్ని మోసిన రెండు పాత పట్టాల ముక్కలు మాత్రం ఇంకా నిటారుగా ఉన్నాయి. టికెట్ల కిటికీని ఎవరో ఇటుకలతో మూసేశారు. చెయ్యి దూరే సందు ఉన్న చోట ఇప్పుడు తొండలు కాపురం ఉంటున్నాయి.

స్టేషన్ ఎప్పుడు మూతపడిందని ఊళ్లో అడిగాను. రావిచెట్టు అరుగు మీద కూర్చున్న పెద్దాయన తడుముకోకుండా, "బ్రాడ్‌గేజి పడ్డప్పుడే ఎత్తేశారు బాబూ, మాస్టరుగారు బదిలీ అయి వెళ్లిపోయిన ఏడాదే" అన్నారు. ఆయన పక్కనున్న మరొకాయన ఒప్పుకోలేదు. "అంతకుముందే పోయింది. ఇక్కడ బస్తాలు ఎక్కించడం ఆగిపోయిన రోజే స్టేషన్ పోయినట్లు." వాకిట్లో పాల క్యాన్లు కడుగుతున్న ఆవిడ ఇద్దరి మాటా కొట్టిపారేశారు. "కరోనా దాకా రైలు ఆగింది కదండీ. మా అమ్మాయి గుంటూరు కాలేజీకి దాని మీదే వెళ్లి వచ్చింది."

ముగ్గురి జవాబులూ నిజమే. ఆ గదిలో నడిచింది ఒక స్టేషన్ కాదు, మూడు. అవి వేరువేరు కాలాల్లో, వేరువేరు కారణాలతో, ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. ఊరు మాత్రం మూడింటినీ కలిపి ఒకే మాటలో "ఎత్తేశారు" అంటుంది. అర్జీ పెట్టేటప్పుడు కూడా అదే మాట రాస్తుంది. అందుకే ఆ అర్జీలకు వచ్చే జవాబులు ఊరికి అర్థం కావు.

మనకు స్టేషన్ అంటే రైలెక్కే చోటు. రైల్వేకు మాత్రం అది ముందుగా బండిని ఆపి, దారి చూసి, పంపే చోటు. రైల్వే నిబంధనల్లో స్టేషన్లను ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులుగా విడదీశారు. మొదటి మూడూ బండ్ల రాకపోకలను అదుపు చేసే బ్లాక్ స్టేషన్లు. సి తరగతిలో ప్రయాణికుల బండి ఆగవలసిన పని కూడా లేదు. అయినా అది స్టేషనే. చివరిదైన డి తరగతికి సిగ్నళ్లు ఉండవు, బండ్ల నడకలో దానికి ఏ చెయ్యీ ఉండదు. జనం ఎక్కి దిగుతారు, అంతే. మనం హాల్ట్ అని పిలుచుకునేవి ఈ కోవలోకే వస్తాయి. అంటే జనానికి స్టేషన్ అంటే ఏదో, సరిగ్గా అది మాత్రమే ఉన్నది రైల్వే లెక్కలో ఆఖరి మెట్టు మీద ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే విజయవాడ దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. కృష్ణ దాటగానే గుంటూరు దారీ తెనాలి దారీ చీలే చోట ఉన్న జంక్షన్ పేరు కృష్ణా కెనాల్. అది ఉన్నది తాడేపల్లిలో. స్టేషన్‌కు పేరిచ్చింది ఊరు కాదు, కాలువ. రైలును అక్కడ ఆపవలసిన అవసరం ఊరిది కాదు, దారులు చీలడానిది. అన్నట్టు, రైల్వే ఒకసారి రాసుకున్నదాన్ని అంత తేలిగ్గా మార్చదు కూడా. బెజవాడ విజయవాడ అయి ఎన్నో దశాబ్దాలైనా ఆ స్టేషన్ సంకేతాక్షరాలు ఇప్పటికీ బీజెడ్‌ఏ.

ఇంతకీ ఆ ఊరి పక్కగా లైను ఎందుకు వేశారు? ఊరి కోసమైతే కాదు. 1876-78 కరువు బళ్లారి, కర్నూలు, కడప సీమలను ఊడ్చేసింది. డెల్టాలో ధాన్యం ఉన్నా దాన్ని అక్కడికి చేర్చే దారి లేకపోయింది. తర్వాత ఏర్పాటైన కరువు కమిషన్ రైలు మార్గాలు వేయమంది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ పుట్టింది. గుంతకల్లు నుంచి నంద్యాల, గుంటూరు మీదుగా కృష్ణ ఒడ్డుకు వచ్చిన మీటరు గేజు (పట్టాల మధ్య మీటరు వెడల్పు ఉండే) లైను ఆ కరువు నివారణ పథకాల్లోదే. బళ్లారి సీమను కృష్ణా తీరంతో కలపడమే దాని పని. అటు నిజాం రైల్వే హైదరాబాద్ వైపు నుంచి 1889లో బెజవాడ చేరింది. కృష్ణ మీద రైలు వంతెన 1893లో సిద్ధమైంది. మద్రాసుతో తీరం వెంబడి లైను 1899లో కలిసింది. బెజవాడ పెద్ద కూడలి అయింది ఈ పదేళ్లలోనే.

ఈ పెద్ద కథలో మన ఊరి స్టేషన్ ఎక్కడ? రెండు పెద్ద ఊళ్ల మధ్య దూరం ఎక్కువైన చోట, ఎదురెదురు బండ్లు తప్పుకోవడానికి ఒక చోటు కావాలి. ఆవిరి ఇంజనుకు నీళ్లూ కావాలి. సర్వే చేసినవాళ్లు పటం మీద కొలిచి చుక్క పెట్టారు. ఆ చుక్కకు దగ్గరలో ఈ ఊరు ఉంది. ఊరి చివరి ఇంటి నుంచి స్టేషన్‌కు ఇప్పటికీ కిలోమీటరున్నర నడవాలి. ఊరి కోసమే కట్టిన స్టేషన్ అయితే అంత దూరంగా ఎవరు కడతారు?

రైల్లో తిరిగిన తెలుగువాళ్లందరికీ తెలిసిన మాట ఒకటుంది: "క్రాసింగ్ పడింది." పొలాల మధ్య బండి ఆగిపోతుంది, పల్లీలవాడు ఎక్కుతాడు, పిల్లలు ఎందుకాగిందని పెద్దవాళ్లను వేధిస్తారు, కాసేపటికి ఎదురుగా మరో బండి ధనధనమంటూ పోతుంది, మనది కదులుతుంది. ఆ క్రాసింగ్ కోసమే ఆ స్టేషన్ పుట్టింది. నేను చెప్పిన మూడింట్లో మొదటి స్టేషన్ ఇదే, బండ్లు దాటించే స్టేషన్.

చిన్న లెక్క వేసి చూద్దాం. రెండు స్టేషన్ల మధ్య 20 కిలోమీటర్ల ఒంటి లైను ఉందనుకోండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి అది దాటడానికి అరగంట. అంతసేపూ ఎదురుబండి అవతలి స్టేషన్లో కాచుకుని ఉండాల్సిందే. ఇది పోయి అది రావడానికి గంట, లైన్ క్లియర్, అంటే దారి ఖాళీగా ఉంది పంపమన్న అనుమతి, ఇచ్చిపుచ్చుకునే నిమిషాలు అదనం. ఎంత చక్కగా నడిపినా రోజు మొత్తంలో రెండు వైపులా కలిపి 40 బండ్లకు మించవు. సరిగ్గా మధ్యలో ఇంకో స్టేషన్ కట్టి, అక్కడ పక్కకు తప్పుకునే లూప్ లైను వేస్తే అవే పట్టాల మీద 60కి పైగా పట్టే వీలుంది. కాగితం మీది లెక్కే కావచ్చు. కానీ మాస్టరు జీతం, బండి ఏ పట్టాల మీదికి పోవాలో మార్చే పాయింట్స్‌మన్ జీతం, క్వార్టర్లు, బావి, లాంతరు నూనె, అన్నీ ఈ లెక్క నుంచే పుట్టాయి. టికెట్ల అమ్మకం నుంచి కాదు.

ఆ పని ఎలా జరిగేదో కొంచెం దగ్గరగా చూడాలి. మాస్టరు బల్ల పక్కన పోత ఇనుప పెట్టె ఒకటి ఉండేది. నీల్స్ బాల్ టోకెన్ యంత్రం అంటారు దాన్ని. అలాంటిదే జంటగా పక్క స్టేషన్లోనూ ఉంటుంది. రెండింటినీ తీగ కలుపుతుంది. లోపల అరచేతిలో పట్టే ఉక్కు బంతులు ఉంటాయి. వాటి మీద ఆ రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి. బండిని పంపాలంటే మాస్టరు గంట కొట్టి అవతలి మాస్టరును అడుగుతాడు. ఆయన ఒప్పుకుని తన యంత్రం నుంచి కరెంటు పంపితేనే ఇక్కడ పిడి తిరుగుతుంది, బంతి బయటికి దొర్లుతుంది. ఆ ఒక్కటి బయట ఉన్నంతసేపూ రెండు యంత్రాల్లో దేన్నుంచీ రెండో బంతి రాదు. బంతి చేతిలో లేకుండా డ్రైవరు బండిని ఆ ముక్కలోకి తీసుకుపోకూడదు. ఒక బంతి, ఒక బండి. కంప్యూటర్ల ఊసే లేని రోజుల్లో ఎదురెదురు ఢీకొనకుండా కాపాడింది ఈ ఏర్పాటే.

ఆ బంతిని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద కడియం లాంటి వలయానికి కట్టేవారు. ఆగని బండి అయితే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫారం అంచున నిలబడి వలయాన్ని పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజన్లోంచి ఒకడు మోచెయ్యి బయటికి చాచి దాన్ని దండలా తగిలించుకుపోయేవాడు. పాత ముక్క తాలూకు వలయాన్ని అంతకుముందే కిందికి విసిరేవాడు. అది దొర్లుకుంటూ పోతే వెనకాల పరిగెత్తి తెచ్చి యంత్రంలో వేయాలి, లేకపోతే వెనకాల బండికి దారి లేదు. రాత్రిపూట ఇదంతా కాగడా వెలుగులో. అరుగు మీది పెద్దాయనకు స్టేషన్ అంటే గుర్తున్నది ఇదే. ఒకసారి వలయం పక్కనున్న మిరపచేలో పడి పోయిందట. దొరికేదాకా పాసింజరు బండి ముప్పావు గంట ఆగిందని, బండిలోవాళ్లు కూడా దిగి వెతికారని ఇంకా నవ్వుతూ చెబుతారు.

రెండో స్టేషన్ గూడ్స్ షెడ్డు. మూడింట్లో మొదట పోయింది ఇదే. దీని చావుకు కారణం గుంటూరులోనో నరసరావుపేటలోనో లేదు, దేశవ్యాప్తంగా వచ్చిన ఒక మార్పులో ఉంది. ఒకప్పుడు పొగాకు చెక్కులో, మిర్చి బస్తాలో ఒక వ్యాగనుకు సరిపడా పోగైతే చాలు, వ్యాగను ఇచ్చేవారు. అదీ లేకపోతే నాలుగు బస్తాలు కూడా స్మాల్స్, అంటే చిల్లర సరుకు కింద తీసుకునేవారు. అక్కడక్కడా ఒకటీ రెండూ వ్యాగన్లను కలుపుకుంటూ పోయిన గూడ్సు బండిని పెద్ద యార్డులో విడగొట్టి, దిక్కుల వారీగా మళ్లీ కూర్చేవారు. ఈ విడగొట్టడం, కూర్చడంలోనే వ్యాగను రోజుల తరబడి యార్డులో పడి ఉండేది. 1980ల నుంచి రైల్వే ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, ఒకే సరుకుతో ఒక చోటి నుంచి ఒక చోటికి నేరుగా పోయే పూర్తి రేకులకు మొగ్గింది. ఒక రేకు అంటే 40కి పైగా వ్యాగన్లు, రెండున్నర వేల టన్నుల దాకా సరుకు. సరుకు ఎక్కించడానికి నాలుగు వ్యాగన్లు పట్టే పక్క లైను (సైడింగు) ఉన్న ఊరు అంత సరుకు ఎక్కడి నుంచి తెస్తుంది? తెచ్చినా అంత పొడవు బండి ఎక్కడ నిలుస్తుంది? సరుకు లారీకి మళ్లింది. రైతు తప్పు లేదు, స్టేషన్ మాస్టరు తప్పు అంతకన్నా లేదు.

సరుకు రైలును పూర్తిగా వదిలేసిందనుకోవడం కూడా పొరపాటే. పల్నాటి సిమెంటు ఫ్యాక్టరీల సరుకు వాటి సొంత సైడింగుల నుంచి రేకుల కొద్దీ పోతూనే ఉంది. 2020 జులైలో గుంటూరు పక్కనున్న రెడ్డిపాలెం స్టేషన్ నుంచి ఎండుమిర్చి ప్రత్యేక పార్సిల్ బండి బంగ్లాదేశ్‌లోని బేనాపోల్‌కు వెళ్లింది. పార్సిల్ బండి దేశం సరిహద్దు దాటడం అదే మొదటిసారి. పదహారు పార్సిల్ వ్యాన్లు, సుమారు 384 టన్నులు అని రైల్వే ప్రకటించింది. ఆ ప్రకటనలో నాకు ఆసక్తి కలిగించింది వేరే వాక్యం. మామూలు గూడ్సులో పంపాలంటే ఒక్కో విడతకు 1500 టన్నులకు పైగా పోగుచేయాలి, చిన్న రైతులకూ వ్యాపారులకూ అది కష్టం, అందుకే 500 టన్నుల లోపు పట్టే పార్సిల్ బండి ఏర్పాటు చేశాం అన్నది. టన్నుకు రోడ్డు మీద 7000 రూపాయలయ్యే చోట రైలుకు 4608 అని కూడా చెప్పారు. ఊళ్లో గూడ్స్ షెడ్డు ఎందుకు మూసుకుపోయిందో రైల్వే తనకు తెలియకుండానే ఈ రెండు ముక్కల్లో ఒప్పుకుంది. సరుకు లేక కాదు, రైలు అడిగే కనీస మోతాదు ఊరికి అందనంత పెరిగిపోయి.

ఇక బ్రాడ్‌గేజి. 1992 ఏప్రిల్‌లో యూనిగేజ్ ప్రాజెక్టు మొదలైంది. దేశమంతా పట్టాల మధ్య వెడల్పు ఒకటే ఉండాలన్నది దాని ఉద్దేశం. గుంటూరు - గుంతకల్లు మీటరు గేజు లైను ఆ దశాబ్దంలోనే మారింది. 1000 మిల్లీమీటర్ల వెడల్పు 1676 అయింది. మాట వినడానికి పట్టాలు కాస్త ఎడంగా జరిపినట్లుంటుంది. అసలు మారింది వెడల్పు కన్నా పొడవు.

మీటరు గేజు బండి పొట్టిది. దానికి తగ్గట్టే లూప్ లైన్లూ పొట్టివి. బ్రాడ్‌గేజి గూడ్సు పక్కకు తప్పుకుని నిలబడాలంటే లూప్‌లో 686 మీటర్ల ఖాళీ ఉండాలన్నది ప్రామాణిక కొలత. ఆ తర్వాత అది ఇంకా పెరిగింది. పైగా స్టేషన్ యార్డు చదునుగా ఉండాలి. 400 మీటర్ల పొడవుకు ఒక మీటరుకు మించి వాలు ఉండకూడదు, లేకపోతే ఇంజను విడదీసిన వ్యాగన్లు వాటంతట అవే దొర్లిపోయే ప్రమాదం. మన ఊరి స్టేషన్‌కు తూర్పున వాగు, వాగు మీద వంతెన. పడమటి వైపు లైను వంపు తిరిగి చిన్న ఎత్తు ఎక్కుతుంది. లూపును రెండు వైపులా సాగదీయడానికి చోటు లేదు. అటూ ఇటూ ఉన్న స్టేషన్లలో చోటు ఉంది. బ్రాడ్‌గేజి మీద బండి వేగమూ పెరిగింది కాబట్టి దూరంగా ఉన్న రెండు స్టేషన్లు చాలనుకున్నారు. ఇక మధ్యలోదానికి పని లేదు. లూప్ పీకేశారు, సిగ్నల్ స్తంభాలు తీసేశారు, బంతుల పెట్టె పోయింది, మాస్టరుకూ పాయింట్స్‌మన్‌లకూ బదిలీలు వచ్చాయి. ఒక్క పూటలో బ్లాక్ స్టేషన్ కాస్తా హాల్ట్ అయింది.

ఈ మార్పు ఇక్కడ స్టేషన్‌ను చిన్నది చేసి వదిలింది. ఇదే లైనులో నల్లమల లోపల దారినే మార్చింది. దొరబావి దగ్గర లోయ దాటించిన పాత వంతెన తాలూకు స్తంభాలు పట్టాలు లేకుండా అడవిలో మిగిలిపోయాయి. వాటిని చూడటానికి ఇప్పుడు జనం పనిగట్టుకుని వెళుతున్నారు. మన ఊరి రాతి గదికి ఆ అదృష్టం లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే చిక్కుముడి అసలు ముడి ఇదే. మాస్టరు ఉన్నంతకాలం టికెట్లు అమ్మడానికి రైల్వేకు అదనపు ఖర్చు ఏమీ లేదు. ఆయన జీతం బండ్లు దాటించడానికి. మధ్యలో ఖాళీ చూసుకుని కిటికీ తెరిచి నలుగురికి అట్ట టికెట్లు తేదీ గుద్ది ఇచ్చేవారు. రోజుకు పది టికెట్లు అమ్ముడైనా, వంద అమ్ముడైనా స్టేషన్ బతుకుతుంది, ఎందుకంటే అది టికెట్ల మీద బతకడం లేదు. క్రాసింగ్ పోయిన మరునాటి నుంచి లెక్క తలకిందులైంది. ఆ కిటికీ తన ఖర్చు తానే సంపాదించుకోవాలి. వందేళ్లుగా అడగని ప్రశ్నను ఆ రోజు మొదటిసారి అడిగారు: ఇక్కడ ఎంతమంది ఎక్కుతున్నారు?

జవాబు చెప్పాల్సింది హాల్ట్ ఏజెంటు. ఈయన రైల్వే ఉద్యోగి కాదు, ఊరివాడే. దగ్గరి పెద్ద స్టేషన్‌కు వెళ్లి సొంత డబ్బు కట్టి టికెట్లు కట్టలుగా తెచ్చుకుంటాడు, అమ్మిన వాటి మీద కమీషన్ తీసుకుంటాడు. జీతం లేదు. రైలు ఆలస్యమైతే అంతసేపూ కూర్చోవాలి. కమీషన్ డబ్బులు టీ ఖర్చులకు సరిపోతే గొప్ప. పక్క ఊరి రేషన్ దుకాణంలోనో, మరోచోటో పని దొరికిన రోజున ఏజెంటు రాజీనామా చేస్తాడు. మళ్లీ టెండరు పిలిస్తే ఎవరూ రారు. ఎవరూ రాకపోతే టికెట్లు లేవు. టికెట్లు లేకపోతే ఎక్కేవాళ్లు మానరు, టికెట్ లేకుండా ఎక్కుతారు. ఇక్కడ మన ఊళ్ల సంగతి కూడా దాచుకోకుండా చెప్పాలి. రెండు స్టేషన్ల దూరానికి టికెట్ ఎందుకన్న ధోరణి ఏజెంటు ఉన్న రోజుల్లోనూ ఉంది. కాలేజీ పిల్లలు సీజన్ టికెట్ గుంటూరులో తీసుకునేవారు, ఆ లెక్క గుంటూరుకు పోయింది. పొద్దున పాసింజరుకు నూరు మంది ఎక్కినా, రికార్డులో ఇరవై మందే కనిపించేవారు. ఊరు తనను తానే లెక్కలోంచి చెరిపేసుకుంది.

2017 నుంచి రైల్వే స్టేషన్లను ఆదాయం, ప్రయాణికుల సంఖ్య బట్టి కొత్తగా వర్గీకరించింది. హాల్ట్‌లలో అట్టడుగు వర్గం హెచ్‌జీ-3: ఏటా లక్ష మందికి, 5 లక్షల రూపాయల ఆదాయానికి మించనిది. లక్ష మంది అంటే రోజుకు 270 చిల్లర. ఆ వర్గంలో పడ్డ హాల్ట్ మీద ఎప్పుడూ కత్తి వేలాడుతూనే ఉంటుంది.

2020 మార్చిలో కరోనా వల్ల ప్రయాణికుల రైళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగి మొదలైనప్పుడు పాత పాసింజర్లు ప్రత్యేక బండ్ల పేరుతో వచ్చాయి. కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి పెరిగింది. మళ్లీ 2024లో గానీ పాత చార్జీ రాలేదు. ఈలోగా టైంటేబుళ్లు తిరగరాశారు, చాలా చిన్న చోట్ల ఆగడం మానేశారు. ఒక బండి ఆగి, మళ్లీ వేగం అందుకోవడానికి అయిదారు నిమిషాలు పోతాయి. పది హాల్ట్‌లు తీసేస్తే గంట కలిసొస్తుంది. ఆ గంట కోసం గుంటూరులో ఎక్కే ప్రయాణికుడు సంతోషిస్తాడు, పాల క్యాన్ల ఆవిడ కూతురు బస్సెక్కుతుంది. మూడో స్టేషన్ అలా మూతపడింది. దానికి తాళం వేయడానికి కూడా ఎవరూ రాలేదు.

బస్సు సంగతి పెద్దగా చెప్పనవసరం లేదు. ఊరి నడిబొడ్డునే ఆగుతుంది, కిలోమీటరున్నర నడిపించదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు ఉచితం కూడా. రైలు పది రూపాయలకు దిగివచ్చినా సున్నాతో పోటీపడలేదు.

ఊరి అర్జీల కట్ట చూపించారు. పంచాయతీ తీర్మానాలు, ప్రజాప్రతినిధుల సిఫారసు ఉత్తరాలు. అన్నింట్లోనూ "మా స్టేషన్‌ను పునరుద్ధరించగలరు" అనే ఉంది. జవాబులు అన్నీ ఒకే తీరు: నిర్వహణ పరంగా అవసరం లేదు, వాణిజ్యపరంగా సమర్థనీయం కాదు. ఊరివాళ్లు దీన్ని ఒకే తిరస్కరణగా చదివారు. చదవాల్సింది రెండుగా. మొదటి ముక్క క్రాసింగ్ స్టేషన్ గురించి: అది తిరిగి రాదు. గుంటూరు - గుంతకల్లు 401 కిలోమీటర్ల మేర రెండో లైనుకు 2016-17లో అనుమతి వచ్చింది. రెండో లైను పడ్డ చోట బండ్లు ఎదురుపడవు, దారి తప్పుకోవలసిన పని లేదు. రెండు స్టేషన్ల మధ్య ఒకదాని వెనక ఒకటి బండ్లను ఎక్కువగా పంపాలంటే ఇంటర్మీడియట్ బ్లాక్ సిగ్నల్ పెడతారు. పాత స్టేషన్ చేసిన పనిలో సగం అదే చేస్తుంది, మనిషి లేకుండా. రెండో ముక్క హాల్ట్ గురించి: అది మళ్లీ తెరవగలిగేదే. దానికి స్టేషన్ భవనం అక్కర్లేదు, మాస్టరు అక్కర్లేదు. కావలసింది ఒక ఉదయపు బండి, ఒక సాయంత్రపు బండి, ప్రయోగాత్మకంగా ఆరు నెలలు ఆపమని అడగడం, ఆ ఆరు నెలలూ ఊరంతా టికెట్ కొనడం. ఇప్పుడు ఫోనులోనే అన్‌రిజర్వుడు టికెట్ కొనవచ్చు కాబట్టి ఏజెంటు కోసం ఎదురుచూసే పని కూడా తగ్గింది. అర్జీలో "పునరుద్ధరణ" అన్న మాట కొట్టేసి రెండు బండ్ల నంబర్లు రాయమని నా సలహా. అది తీర్మానం రాసినవాళ్లకు అంతగా నచ్చలేదు. స్టేషన్ అడిగి బండి తెచ్చుకోవడం వాళ్లకు తగ్గినట్లు అనిపించింది.

ఈ కళ్లద్దాలతోనే కొత్త లైన్ల వార్తలు కూడా చదువుకోవచ్చు. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఖర్చు 2245 కోట్లు, కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన, తొమ్మిది కొత్త స్టేషన్లు. ఆ తొమ్మిదింట్లో మీ ఊరి పేరు ఉంటే సంబరపడే ముందు ఒకటి కనుక్కోండి: అది బండ్లు నడపడానికి కావలసిన స్టేషనా, ఊరివాళ్లు ఎక్కడానికి పెట్టిన హాల్టా? మొదటిదైతే టికెట్లు అమ్మకపోయినా నిలుస్తుంది. రెండోదైతే మొదటి రోజు నుంచే టికెట్ కొనడం మొదలుపెట్టండి.

సాయంత్రం పెద్దాయన నాతో పాటు స్టేషన్ దాకా వచ్చారు. పాత ప్లాట్‌ఫారం అంచు మీదుగానే రెండో లైను పోయింది. దాని కోసం ప్లాట్‌ఫారం రాళ్లు సగం పెకలించి గట్టుకు వాడుకున్నారు. ఒక రాయి మీద ఇనుప కొక్కెం ఇంకా మిగిలి ఉంది. రాత్రిపూట లాంతరు తగిలించేవారట. మేం ఉండగానే ఒక గూడ్సు గుంటూరు వైపు, ఇంకొకటి ఎదురుగా నరసరావుపేట వైపు, ఒకే నిమిషంలో దాటిపోయాయి. ఏదీ వేగం తగ్గించలేదు. "ఇది వరకైతే ఒకటి ఇక్కడ ఆగాల్సిందే" అన్నారు ఆయన. కాసేపు చూసి, గడియారం వంక చూసుకుని, "అయిదున్నర బస్సు తప్పితే మళ్లీ ఏడింటికే బాబూ, నడవండి" అంటూ ముందుకు కదిలారు.